కుండమార్పిడి

ఫొటో ఎండిందో లేదో వేలితో తాకి చూసి, కత్తెరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. ఆమె అసలు పేరు ల్యాబులో ఎవరూ పలకరు. రక్తకణాల్లోని క్రోమోజోములను అద్దంముక్క మీద పరిచి, ఫొటో తీసి, ఆ ఫొటోలోంచి ఒక్కొక్కదాన్నీ కత్తిరించి, జతలు జతలుగా అట్టమీద అతికించడం ఆమె పని. లోకమంతా కంప్యూటర్లో చేసుకుంటున్న ఈ పనిని ఇక్కడ ఇంకా కత్తెరతో చేయిస్తున్నారేమిటని వచ్చినవాళ్ళందరూ అడుగుతారు. "కంప్యూటర్ చూపిస్తే నమ్మేస్తారు. చేత్తో కోస్తేనే చూస్తారు" అంటుంది డాక్టరమ్మ. ఆవిడతో వాదించి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె ముందున్న ఫొటో మీద పేరు లేదు, నంబరు మాత్రమే ఉంది. రక్తం గొట్టాల మీద కూడా నంబర్లే వేస్తారు. కానీ ఆ గొట్టానికి చీటీ అంటించింది కత్తెరమ్మే కాబట్టి, అది ఎవరి రక్తమో ఆమెకు తెలుసు. పక్క నంబరు వదినది. ఇది అన్నయ్యది. మనవాళ్ళ గొట్టం వస్తే ముందే చెప్పి పక్కకు తప్పుకోవాలన్నది ఇక్కడి నియమం. ఆమె చెప్పలేదు. చెబితే పని ఇంకొకరి చేతికి వెళ్తుంది, ఆ ఇంకొకరు సెలవులో ఉన్నారు, ఆదివారానికల్లా వదిన సంగతి తేల్చేస్తానని అమ్మ అంటోంది. నియమాలదేముంది, వాటికి అన్నలూ వదినలూ ఉంటారా ఏమన్నా!

వదిన జతలు పొద్దున్నే అతికించేసింది. ఇరవై మూడు జతలూ ముత్యాల్లా కుదిరాయి. అప్పుడు ఆమెకు ఒక్క క్షణం నిరాశ కలిగింది. వదినలో ఏదో కనిపిస్తుందని, దానికి మందో మాకో ఉంటుందని, గొడవ తెగిపోతుందని అనుకుంది. మూడుసార్లు కడుపు పోయిన మనిషిలో ఏమీ లేకపోవడమేమిటి?

ఇక అన్నయ్యది. పెద్దవాటితో మొదలుపెట్టింది. ఒక్కో క్రోమోజోమూ చారల పురుగులా ఉంటుంది. నడుము దగ్గర నొక్కినట్టు, నడుముకు పైన పొట్టి చెయ్యి, కింద పొడుగు చెయ్యి. చారలు చూసుకుని జత కలపాలి. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వచ్చి జతవుతాయి. ఏది ఎవరిదో ఫొటో చెప్పదు. మొదటి మూడు జతలూ ఇట్టే కుదిరాయి. నాలుగో జతలో ఒకటి కురచగా కనిపించింది. చివర తెగినట్టుంది. సరే, తర్వాత చూద్దామని పక్కన పెట్టింది. అలా కోస్తూ కోస్తూ ఇరవయ్యో జతకు వచ్చేసరికి, చిన్నవాటిలో ఒకటి తన పొడుగుకి మించిన తోకతో తేలింది.

అద్దంముక్క మీద క్రోమోజోములు చల్లినట్టు పడతాయి కాబట్టి, అప్పుడప్పుడు ఒకదానిమీద ఒకటి పడటం మామూలే. అలాంటప్పుడు జాగ్రత్తగా విడదీసి కత్తిరిస్తారు. ఆ నేర్పు వల్లనే ఆమెకు ఆ ముద్దుపేరు వచ్చింది. ఇదీ అలాంటిదేనని కత్తెర అంది. చెయ్యి ఊ కొట్టింది. ఆ తోకను కత్తిరించి, కురచగా ఉన్న నాలుగోదాని కింద పెట్టి చూసింది. చారకు చార అతికినట్టు సరిపోయింది! "హమ్మయ్య" అని పైకే అనేసి, జిగురు రాసి అంటించేసింది.

అన్నయ్య జతలు కూడా ముత్యాల్లా కుదిరాయి. కానీ అట్టను డాక్టరమ్మ బల్లమీద పెట్టి వచ్చాక ఆమె కాలు కాలిన పిల్లిలా ల్యాబంతా తిరిగింది. కడిగిన గొట్టాలే మళ్ళీ కడిగింది.

*

పుట్టిల్లు దారిలోనే. ముందు గది దర్జీ షాపు, వెనక రెండు గదులు ఇల్లు. నాన్న కిటికీ పక్క స్టూలు మీద కూర్చుని కాజాలు కుడుతున్నాడు. కళ్ళు తగ్గాక కోతా కొలతలూ కొడుక్కి అప్పగించి, తను కాజాలకు పరిమితమయ్యాడు. మాటలు ఎప్పుడో మానేశాడు. అన్నయ్య బల్లమీద గుడ్డ పరిచి సుద్దముక్కతో గీస్తున్నాడు. వదిన కింద చాపమీద కూర్చుని లంగా అంచు మడిచి గుండుసూదులు గుచ్చుతోంది.

"రా వదినా" అంది వదిన.

"ఏం వదినా, ఇంకా అవలేదా?" అంది కత్తెరమ్మ.

ఇద్దరూ ఒకరికొకరు వదినలే. అన్నయ్యకు వదిననిచ్చి, వదిన అన్నకు కత్తెరమ్మనిచ్చి, ఒకే రోజు రెండు పెళ్ళిళ్ళు చేశారు. కుండమార్పిడి. ఇటు కుండ అటు, అటు కుండ ఇటు. ఎవరి కుండా తక్కువ కాదు, ఎవరి కుండా ఎక్కువ కాదు అని పెద్దలు మురిసిపోయారు. ఒక కుండకు బీటపడితే రెండో కుండ సంగతేమిటని ఆ రోజు ఎవరూ అడగలేదు.

అమ్మ వెనక గదిలోంచి తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "నువ్వొచ్చావు, మంచిదైంది. ఆదివారం అల్లుడుగారిని రమ్మని కబురు పెట్టాను. చెల్లెల్ని తీసుకెళ్ళి నాలుగు నెలలు అట్టేపెట్టుకోమన్నాను."

"నాలుగు నెలల తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

ఆ తర్వాత అంటే ఏమిటో గదిలో అందరికీ తెలుసు. వదిన గుప్పెడు గుండుసూదులు తీసి పెదాల మధ్య పెట్టుకుంది. అత్తగారు మొదలుపెట్టినప్పుడల్లా ఆమె చేసే పని అదే. నోట్లో సూదులున్న మనిషి జవాబు చెప్పక్కర్లేదు.

"రక్తం ఇచ్చారు కదమ్మా. ఫలితం రానీ."

"రక్తం ఏం చెబుతుందే? చెట్టు మంచిదైతే పిందెలెందుకు రాలతాయి? మా వంశంలో ఇలాంటిది కనీ వినీ ఎరగం."

"మరి నాకూ అన్నయ్యకూ తొమ్మిదేళ్ళ ఎడమెందుకు?" చిన్నప్పటినుంచి ఇంట్లో చెల్లే హాస్యమది. మాట మళ్ళిద్దామని అడిగింది.

అమ్మ ఎప్పుడూ చెప్పే జవాబే చెప్పింది. "మీ నాన్నకి కాజాలతో తీరిక దొరక్క."

అన్నయ్య నవ్వాడు. నాన్న సూది తలకు రాసుకుని మళ్ళీ గుడ్డలో గుచ్చాడు. ఎందుకో కత్తెరమ్మకు ఈసారి నవ్వు రాలేదు. అన్నయ్య కత్తెర గుడ్డలోంచి పరపరమని పోతుంటే ఆ చప్పుడు వినలేక, పనుందని లేచి వచ్చేసింది.

ఇంటి దగ్గర ఆమె అత్తగారు తలుపు తీస్తూనే అడిగారు. "ఆదివారం సంగతి విన్నాను. నా కూతురు సంచీతో ఈ గుమ్మం ఎక్కితే, నీ సంచీ ఏ గుమ్మం ఎక్కాలో నువ్వే చెప్పమ్మాయ్." ఆవిడ చెడ్డమనిషి కాదు. లెక్క అంటే లెక్కే, అంతే.

*

బుధవారం పొద్దున్నే డాక్టరమ్మ పిలిచింది. బల్లమీద అన్నయ్య అట్ట ఉంది. ఆవిడ భూతద్దం నాలుగో జతమీద పెట్టి, "ఇక్కడ జిగురు గీత కనిపిస్తోంది" అంది.

"ఒకదానిమీద ఒకటి పడ్డాయి మేడమ్. విడదీశాను."

డాక్టరమ్మ సొరుగులోంచి అదే మనిషివి మరో నాలుగు కణాల ఫొటోలు తీసి వరసగా పేర్చింది. నాలుగింటిలోనూ నాలుగో జతలో ఒకటి కురచ. నాలుగింటిలోనూ ఇరవయ్యోదానికి తోక. ఒక కణంలో మీద పడొచ్చు, రెండింటిలో పడొచ్చు. అన్ని కణాల్లోనూ అదే చోట, అదే కొలతకి పడతాయా?

"ఇదేమిటి?"

"కుండమార్పిడి" అంది కత్తెరమ్మ.

ల్యాబులో అలాగే అంటారు. రెండు క్రోమోజోములు చివరి ముక్కలు మార్చుకుంటే దానికి నోరు తిరగని పేరొకటి ఉంది కానీ, ఎవరో ఒకప్పుడు సరదాగా కుండమార్పిడి అన్నారు, అదే నిలిచిపోయింది. నాలుగోదాని ముక్క ఇరవైకి పోయింది, ఇరవైదాని చిటికెన ముక్క నాలుగుకి వచ్చింది. ఉన్న సరుకంతా ఉంది. ఏదీ పోలేదు, ఏదీ పెరగలేదు. కాబట్టే ఆ మనిషి దుక్కలా ఉంటాడు, ఒంట్లో ఏ నలతా ఉండదు. చిక్కంతా పిల్లల దగ్గర వస్తుంది.

"ఇది నీకు తెలీదా?"

"తెలుసు."

"తెలిసి కోశావా?"

"తెలీదు మేడమ్. నిజంగా తెలీదు. చెయ్యి కోసేసింది." అక్కడితో ఆగలేకపోయింది. "అది మా అన్నయ్యది."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఆవిడ కోపమొస్తే అరవదు, అదే భయం. "ఒక మనిషి ఒంట్లో ఉన్నదాన్ని నువ్వు కాగితం మీద రిపేరు చేశావు. నేను చూడకపోతే రేపు ఆ దంపతులకి, మీ ఇద్దరిలోనూ ఏమీ లేదు పొండి అని చెప్పేదాన్ని. అప్పుడు నింద ఎవరి మీద పడేది?"

కత్తెరమ్మకు వదిన పెదాల మధ్య సూదులు కళ్ళముందు ఆడాయి. తన ముద్దు అన్నయ్యకు తోక అతికించినప్పుడు ఆమె వదిన గొంతుమీద కత్తెర పెట్టింది.

"మనం చూసింది అతికిస్తాం. కోరింది కాదు" అంది డాక్టరమ్మ. "ఈ పని ఇక నీది కాదు. శుక్రవారం వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి నేను చెబుతాను. ఈలోపు నీ నోటినుంచి ఒక్క ముక్క బయటికి వచ్చిందో, నీకూ నాకూ రుణం తీరింది. శుక్రవారం తర్వాత కూడా అంతే. ఫలితం వాళ్ళది. చెప్పుకుంటారో దాచుకుంటారో వాళ్ళిష్టం. నీకు హక్కు లేదు."

ఆమె తలూపి తలుపుదాకా వెళ్ళింది. అక్కడ ఆగిపోయింది. ఆలోచన అప్పుడు తట్టింది. ఇంత సేపు ఎందుకు తట్టలేదో!

"మేడమ్, ఇది అన్నయ్యకి ఎక్కడినుంచి వచ్చింది?"

"కొత్తగా పుట్టొచ్చు. ఎక్కువసార్లు అమ్మ నుంచో నాన్న నుంచో వస్తుంది." డాక్టరమ్మ ఆమె వైపు చూసిన చూపులో కోపం తగ్గింది. "కూర్చో."

"నాది తియ్యండి. నాది నాకు తెలుసుకునే హక్కుంది కదా?"

డాక్టరమ్మ తనే పట్టీ కట్టి రక్తం తీసింది. గులాబీరంగు ద్రవంలో కొన్ని చుక్కలు కలిపి, ఒంటివేడి ఉండే పెట్టెలో పెట్టింది. మూడు రోజులు పడుతుంది. కణాలకు తొందర తెలీదు. అవి సంచుల్లా ఉబ్బాలి, లోపలి దారాలు రెండింతలవ్వాలి, చుట్ట చుట్టుకోవాలి. కణం చీలబోయే ఆ క్షణంలో మందు వేసి ఆపితేనే క్రోమోజోములు కంటికి కనబడతాయి.

*

శుక్రవారం అన్నయ్యా వదినా డాక్టరమ్మ గదిలోకి వెళ్ళారు. అద్దాల తలుపు ఇవతల కత్తెరమ్మ గొట్టాలు సర్దుతున్నట్టు నటిస్తూ నిలబడింది. డాక్టరమ్మ బల్లమీద రెండు రంగుల దారపు ఉండలు పెట్టి ఏదో చూపిస్తోంది. వదిన ముందుకు వంగి చూస్తోంది. అన్నయ్య మాత్రం కుర్చీకి అంటుకుపోయి, తన మోచేతిని తానే పట్టుకుని కూర్చున్నాడు. ఒకసారి వదిన చెయ్యి అతని చేతిమీద వేసింది. అతను చెయ్యి లాక్కోలేదు కానీ, దానివైపు చూడనూ లేదు.

బయటికి వచ్చాక వదిన నీళ్ళు తాగుతానని పక్కకు వెళ్ళింది. అన్నయ్య సరాసరి చెల్లెలి దగ్గరికి వచ్చాడు.

"నీకు తెలుసు కదూ?"

ఆమె చేతిలోని గొట్టాన్ని స్టాండులో పెట్టింది.

"అమ్మకి చెప్పకు. ఎవరికీ చెప్పకు. నీకు దండం పెడతాను." నిజంగానే చేతులు జోడించబోతే ఆమె పట్టుకుని కిందికి దించింది. "నేను షాపులో కూర్చునే మనిషిని. ఊళ్ళో సగం మంది నా ముందు నిలబడి కొలతలిస్తారు. వీడిలోనే తేడా ఉందట అని ఒక్కడికి తెలిస్తే చాలు, నేను టేపు పట్టుకోలేను."

"మరి వదిన? ఎల్లుండి సంచీ సర్దుకుని వెళ్ళిపోవాలా?"

"దానికెలాగూ పేరు వచ్చేసింది కదే" అన్నాడు అన్నయ్య.

దుర్మార్గంగా అనలేదు. గుడ్డ ఎలాగూ చిరిగింది కదా, మసిగుడ్డకి పనికొస్తుంది అన్నట్టు మామూలుగా అన్నాడు. తొమ్మిదేళ్ళ పెద్దవాడు, తనకు మొదటి గౌను కుట్టినవాడు, ఆమెకు అతని చెంప పగలగొట్టాలనిపించింది. పక్కకు తిరిగితే నాలుగు అడుగుల దూరంలో వదిన నిలబడి ఉంది. విందో లేదో తెలీదు. నోట్లో సూదులు లేకపోయినా ఉన్నట్టే పెదాలు బిగించుకుని ఉంది.

"వెళ్దామా?" అంది వదిన అతనితో. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "వస్తాను వదినా" అంది.

కత్తెరమ్మకు ఆ రోజు అన్నం సయించలేదు. చెబితే ల్యాబు ద్రోహం, అన్న ద్రోహం. చెప్పకపోతే వదిన ద్రోహం. మింగలేక, కక్కలేక, మంచం మీద ఆ పక్కకీ ఈ పక్కకీ దొర్లుతుంటే, "ఏంటా పొర్లడం, లిఫ్టులా పైకీ కిందకీ" అన్నాడు మొగుడు. అతను లిఫ్టు మెకానిక్కు, అన్నీ లిఫ్టు భాషలోనే చెబుతాడు. "ఆదివారం గురించేనా? నేనేం గొడవ పెట్టుకోను. నా చెల్లెలు నాకు బరువు కాదు. తీసుకొచ్చేస్తాను."

"తీసుకొస్తే మీ అమ్మ నన్ను పంపిస్తారు."

"చూద్దాంలే" అన్నాడు. పంపదు అనలేదు. ఆ తేడా ఆమె పట్టుకుంది.

*

శనివారం డాక్టరమ్మ పక్కనుండగా తన గొట్టం తానే దించింది. మందు వేసి, పలుచటి ఉప్పునీటిలో కణాలు ఉబ్బేదాకా ఆగి, కడిగి, మళ్ళీ కడిగి, చల్లటి తడి అద్దంముక్క మీద ఎత్తునుంచి చుక్క వదిలింది. ఎత్తునుంచి పడితేనే కణం చితికి లోపలి సరుకు విచ్చుకుంటుంది. ఎన్ని వందల మందివి ఇలా వదిలిందో. ఇవాళ మొదటి చుక్క గురి తప్పి బల్లమీద పడింది. రెండోది సరిగ్గా పడింది. వేడి పెట్టెలో ఎండబెట్టి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద పెట్టే సరికి సాయంత్రమైంది.

"ముందు నేను చూడనా?" అంది డాక్టరమ్మ.

"వద్దు మేడమ్. నేనే."

ఊదారంగు చారలు తేటగా విచ్చుకుని ఉన్నాయి. ఒకటి, రెండు, మూడు. నాలుగో జతలో ఒకటి కనిపించింది, నిండుగా ఉంది. దాని జత కోసం వెతికింది. అది అంచున ఉంది. చివర తెగినట్టుంది. ఇక ఇరవయ్యోదాని కోసం వెతకక్కర్లేదు కానీ, వెతికింది. తోక ఉంది. ఇంకో కణం చూసింది. మరొకటి చూసింది. చూసిందే చూస్తూ పోయింది, కత్తెర చేతిలో లేదు కాబట్టి కోసేదేమీ లేదు.

డాక్టరమ్మ ఆమె భుజంమీద చెయ్యి వేసింది. "ఇది శాపం కాదు. నీకు తెలుసు. ప్రతిసారీ పోదు. నిలిచేవీ ఉంటాయి, చక్కగా పుట్టేవీ ఉంటాయి. ముందే తెలిసింది కాబట్టి ముందే చూసుకోవచ్చు."

"తెలుసు మేడమ్" అంది. నిజమే, అన్నీ తెలుసు. పదిమందికి తానే చెప్పి పంపించిన మాటలవి. తనకు చెబుతుంటే మాత్రం ఎవరి గురించో వింటున్నట్టుంది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "ఈ ఫలితం నాది కదా?" అని అడిగింది.

"నీదే."

"ఎవరికైనా చెప్పుకోవచ్చు కదా?"

డాక్టరమ్మకు అర్థమైంది. అయినా, "నీ ఇష్టం" అని మాత్రమే అంది.

*

ఆదివారం షాపు తలుపు సగం మూశారు. గుమ్మం పక్కన వదిన సంచీ సర్ది ఉంది. అన్నయ్య బల్ల దగ్గర నిలబడి ఎవరిదో చొక్కా కాలరు మలుస్తున్నాడు, పని లేకుండా కూర్చుంటే చేతులు ఏం చేసుకోవాలో తెలీనట్టు. నాన్న స్టూలుమీద కాజా కుడుతున్నాడు. వదిన గోడకు ఆనుకుని చాపమీద కూర్చుని ఉంది. అంచు కుట్టే పని లేకపోయినా పెదాల మధ్య సూదులున్నాయి.

"బాబూ, మీకు తెలియనిది కాదు" అని అల్లుడితో మొదలుపెట్టింది అమ్మ. "మూడుసార్లయింది. పిల్లని నేనేమీ అనడం లేదు. ఏ రక్తంలో ఏముందో ఎవరికెరుక? కొన్నాళ్ళు మీ దగ్గరుంటే..."

"ఫలితం వచ్చిందట కదండీ?" అన్నాడు లిఫ్టు మెకానిక్కు.

అమ్మ కొడుకు వైపు చూసింది. కొడుకు కాలరు వైపు చూశాడు. "ఏమీ తేలలేదు" అన్నాడు.

వదిన కళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. అతని ముఖం మీద ఆగి, మళ్ళీ కిందికి దిగాయి. నోరు తెరవలేదు. సూదులు కదలలేదు.

కత్తెరమ్మ లేచి నిలబడింది. వద్దనుకుంటూనే నిలబడింది. "అమ్మా, నాది తేలింది."

"నీదేమిటే?"

"నా రక్తం కూడా చూసుకున్నాను. నాలో తేడా ఉంది. నాకు కడుపొస్తే, వదినకి పోయినట్టే పోవచ్చు. నేను చెబుతున్నది నాలో ఉన్నదాని గురించే. ఇది బయటినుంచి అంటుకునేది కాదు, పుట్టుకతో వస్తుంది. ఈ ఇంట్లోనే ఉంది."

గదిలో సూది పడితే వినబడుతుంది. వదిన నోట్లోవి గట్టిగా పట్టుకుంది కాబట్టి ఒక్కటీ పడలేదు. కత్తెరమ్మ మొగుడి వైపు చూడలేకపోయింది.

"నోరు మూసుకో" అంది అమ్మ. "అల్లుడుగారి ముందు ఏం మాటలవి? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది."

"పడనీ. వదిన కాళ్ళమీద పడేకంటే నా కాళ్ళమీద పడటమే న్యాయం."

"తేడా ఏమిటి? చక్కగా గుండ్రాయిలా ఉంటే!"

ఆమె బల్లమీదున్న రెండు గుడ్డముక్కలు తీసుకుంది, ఒకటి తెల్లది, ఒకటి నీలం. అన్నయ్య మొహం చూడకుండా అతని ముందున్న కత్తెర అందుకుంది. "ప్రతి కణంలోనూ బారెడు దారం ఉంటుందమ్మా. సన్నటి దారం. మెలితిప్పిన నిచ్చెనలాగుంటుంది. కన్ను ఎలా ఉండాలి, గుండె ఎలా ఉండాలి, అన్నీ ఆ నిచ్చెన మెట్ల వరసలోనే ఉంటాయి. ఊరికే వదిలేస్తే చిక్కుపడుతుందని ఉండలుగా చుట్టి ఉంటుంది. సగం ఉండలు అమ్మవి, సగం నాన్నవి. నాలో ఏమైందంటే..." తెల్లగుడ్డ చివర కోసి నీలం పక్కన పెట్టింది. నీలం చివర కోసి తెల్లదాని పక్కన పెట్టింది. "చూడు. గుడ్డ తగ్గిందా?"

అమ్మ దర్జీ పెళ్ళాం. గుడ్డ సంగతి ఆవిడకు చెప్పక్కర్లేదు. "తగ్గలేదు."

"అందుకే నేను బాగున్నాను. కానీ పిల్లకి ఇచ్చేటప్పుడు ఈ రెండూ కలిసే ఇవ్వాలని లేదు. ఒకటి ఇక్కడినుంచి, ఒకటి మంచి జతనుంచి వెళ్తే, ఒకచోట గుడ్డ చాలదు, ఇంకోచోట ఎక్కువవుతుంది. అప్పుడు నిలవదు. ఎవరి తప్పూ కాదు. నడిచినందుకు కాదు, బరువెత్తినందుకు కాదు."

అమ్మ ఆ ముక్కలవైపే చూస్తోంది. బరువెత్తినందుకు అన్న మాట దగ్గర ఆవిడ తల కొద్దిగా కదిలింది.

"ఆ ఎక్కువా తక్కువా..." అంది నెమ్మదిగా. "అది ఎటునుంచి వస్తుంది? ఆడవాళ్ళ వైపునుంచా?"

"ఎటునుంచైనా రావచ్చమ్మా."

"మగవాళ్ళ నుంచి కూడానా?"

"మగవాళ్ళ నుంచి కూడా."

అమ్మ కూర్చుండిపోయింది. "నీకూ వాడికీ తొమ్మిదేళ్ళ ఎడం కదే" అంది. ఈసారి అది హాస్యం కాదు. "మధ్యలో ఇద్దరు. ఒకటి అయిదో నెలలో. నీళ్ళ బిందె ఎత్తానని మీ నాయనమ్మ అంది. ఎత్తాను నిజమే. రెండోసారి ఏ బిందే ముట్టుకోలేదు, మంచం దిగలేదు. అప్పుడూ నన్నే అంది. చచ్చేదాకా అంటూనే ఉంది." కిటికీ పక్క స్టూలు వైపు చెయ్యి చూపింది. "మీ నాన్న అదుగో, అలాగే కూర్చుని కాజాలు కుట్టుకున్నారు. ఒక్కమాటంటే ఒక్కమాట అనలేదు."

నాన్న సూది గుడ్డలో సగం దిగి ఆగిపోయింది. కానీ కత్తెరమ్మ చూసింది అన్నయ్యను. అతను తన చేతిలోని కాలరును చూసుకుంటున్నాడు, అది తన చేతిలోకి ఎలా వచ్చిందో తెలీనట్టు. ఓసారి నాన్నను చూశాడు. మళ్ళీ కాలరు చూశాడు. దాన్ని బల్లమీద పెట్టేశాడు.

"నాది తేలింది" అన్నాడు. ఎవరికీ సరిగ్గా వినబడలేదు. మళ్ళీ అన్నాడు. "నాది తేలిందమ్మా. చెల్లికున్నదే నాకూ ఉంది. నీ కోడల్లో ఏమీ లేదు. అబద్ధం చెప్పాను."

వదిన నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండులో గుచ్చింది. చివరిది గుచ్చాక పెదాలు తడుముకుంది. కత్తెరమ్మ ఆమె ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు.

లిఫ్టు మెకానిక్కు గొంతు సవరించుకున్నాడు. "సంచీ ఎత్తమంటావా, దించమంటావా?" అని చెల్లెల్ని అడిగాడు.

"అక్కడే ఉండనీ అన్నయ్యా" అంది వదిన. "ఎత్తాలో దించాలో నేను చెబుతాను. ఇవాళ కాదు."

అన్నయ్య ఏదో అనబోయి, ఆమె అతనివైపు చూడకపోవడంతో మానుకున్నాడు. లిఫ్టు మెకానిక్కు ఇప్పుడు పెళ్ళాం వైపు తిరిగాడు. "మా అమ్మకి నేను చెప్తాను" అన్నాడు. "నువ్వు చెప్పకు. నువ్వు కత్తెరలాగ చెప్తావు." అంతే అన్నాడు. ఆమెకు అప్పుడు ఏడుపు వచ్చింది.

అమ్మ ఇదంతా విన్నట్టు లేదు. జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని, చేతిని బల్లమీద బారచాపింది. "నాది తియ్యవే."

"ఇక్కడ సూదీ గొట్టం లేవమ్మా. రేపు ల్యాబుకి రా. కానీ ఒకటి చెప్పనా, నీదే అని కూడా తేలొచ్చు."

"తేలనీ. బిందె ఎత్తినందుకు కాదని తేలుతుంది కదా? నాకది చాలు."

నాన్న కాజా పక్కన పెట్టి లేచాడు. చొక్కా చేతిగుండీ విప్పడానికి రెండుసార్లు ప్రయత్నించాడు, చూపు ఆనలేదు. ఎదురుగా వచ్చి, గుండీ విప్పీ విప్పని ఆ చేతిని అమ్మ చేతి పక్కన బల్లమీద పెట్టాడు.

అమ్మ ఆ చేతిని చూసింది. ఆ తర్వాత వంగి, గుండీ తానే విప్పింది.

"ఇప్పటికి తీరికైందా?" అంది.